మారని గుర్తు మారితే: పుట్టుమచ్చను డాక్టర్‌కు ఎప్పుడు చూపించాలి

పదో తరగతి సర్టిఫికెట్‌లో గుర్తింపు చిహ్నాల కోసం రెండు గీతలుంటాయి. వాటిని నింపే రోజున క్లాస్ టీచర్ ఒక్కొక్కరినీ పిలిచి, చొక్కా చేయి పైకి మడిపించి, మెడ పక్కకు తిప్పించి చూసి ‘ఎ మోల్ ఆన్ ద లెఫ్ట్ హ్యాండ్’ అని రాసుకుంటారు. ఏమీ దొరకనివాళ్లకు మోకాలి మీద దెబ్బ మచ్చ పనికొస్తుంది. ఆ సర్టిఫికెట్‌నే ఫైల్లో పెట్టుకుని బెంగళూరు వచ్చి, మారతహళ్లిలో పీజీలో దిగి, ఉద్యోగంలో చేరి, ఇక్కడే స్థిరపడ్డ తెలుగువాళ్లు ఎంతమందో. ఆ రెండు గీతల వెనక ఒక నమ్మకం ఉంది. మనిషి లావెక్కినా, జుట్టు ఊడినా, గడ్డం పెంచినా పుట్టుమచ్చ మాత్రం మారదు. పాత సినిమాల్లో తప్పిపోయిన తమ్ముణ్ని చివరి రీల్లో పట్టిచ్చేదీ అదే.

పేరులోనే తిరకాసు ఉంది. పుట్టుమచ్చ అంటాం గానీ పుట్టుకతో వచ్చేవి చాలా తక్కువ. చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్లు అనే కణాలు ఒకచోట గుంపుగా చేరితే అది మచ్చగా కనిపిస్తుంది. చాలా మచ్చలు చిన్నతనంలోనూ యవ్వనంలోనూ ఒక్కొక్కటిగా వస్తాయి. ముప్పై, నలభై ఏళ్ల దాకా కొత్తవి రావడం మామూలే. వచ్చినవి కూడా ఉన్నచోటే ఉన్నట్టు ఉండవు. ఏళ్లు గడిచేకొద్దీ కొన్ని ఉబ్బుతాయి, కొన్ని రంగు తగ్గుతాయి, కొన్నింటి మీద వెంట్రుకలు మొలుస్తాయి. మారని గుర్తు అని సర్టిఫికెట్‌లో రాసుకున్నది నిజానికి నెమ్మదిగా మారే గుర్తు.

ఈ చిక్కుకు రెండో ముడి కూడా ఉంది. తెలుగులో మచ్చ అంటే చాలా ఉన్నాయి. మంగు మచ్చ, మొటిమ మానిన మచ్చ, కాలిన మచ్చ, పుట్టుమచ్చ. బెంగళూరు క్లినిక్‌లో భాష అంత అడ్డం కాదు. కన్నడంలో ‘హుట్టు మచ్చె’ అంటారు, తమిళంలో ‘మచ్చం’ అంటారు. (ఇక్కడి కుర్రాళ్లు ఒకరినొకరు పిలుచుకునే ‘మచ్చా’ వేరే సంగతి.) కానీ ‘మచ్చ వచ్చింది డాక్టర్’ అంటే డాక్టర్‌కు పెద్దగా ఏమీ తెలియదు. ‘ఈ మచ్చ ఉగాదికి ఇంత లేదు, దసరాకు ఇంతైంది’ అంటే సగం పని అయిపోయినట్టే. చర్మ క్యాన్సర్లలో ప్రమాదకరమైన మెలనోమాను పట్టించే అన్ని లక్షణాల్లోనూ బలమైనది ఆ ఒక్క మాటే: మార్పు.

ముందు భయం సంగతి తేల్చుకోవాలి. ఒంటి మీద ఉన్న పుట్టుమచ్చ ఏదో ఒకరోజు క్యాన్సర్ అవుతుందేమోనని కూర్చుని టెన్షన్ పడాల్సిన పని లేదు. 2003లో అమెరికాలో వేసిన ఒక లెక్క ప్రకారం, 20 ఏళ్ల మనిషి ఒంటి మీది ఒక్క మచ్చ 80 ఏళ్లలోపు మెలనోమాగా మారే అవకాశం మగవారిలో సుమారు 3 వేలలో 1, ఆడవారిలో సుమారు 11 వేలలో 1. అది కూడా ఈ జబ్బు ఎక్కువగా ఉండే తెల్లవారి దేశంలో. మన దేశంలో ఏడాదికి లక్ష మందిలో ఒకరికి కూడా మెలనోమా రాదు. పైగా మెలనోమాలు పదింటిలో ఏడు పాత మచ్చల్లోంచి పుట్టేవి కావు, ఏ మచ్చా లేని చర్మం మీద కొత్తగా వచ్చేవి. కాబట్టి ఎందుకైనా మంచిదని ఉన్న మచ్చలన్నీ తీయించుకుంటే దక్కేది గాట్లు తప్ప రక్షణ కాదు. నలభై దాటాక కొత్తగా వచ్చి పెరుగుతున్న మచ్చ మీదే కన్ను ఎక్కువ ఉండాలి.

మారితే చూపించాలి సరే, ఏ మార్పును? ఇక్కడ వేగమే అసలు కొలత. రాత్రికి రాత్రి, లేదా ఒకటి రెండు రోజుల్లో మచ్చ ఎర్రబడి ఉబ్బిందంటే చాలాసార్లు గోకుడో, పురుగు కుట్టడమో, షేవింగ్ బ్లేడు తగలడమో, వెంట్రుక కుదుట్లో చీము పట్టడమో అయి ఉంటుంది. అలాంటిది రెండు వారాల్లో దానంతటదే సర్దుకోవాలి. పదిహేను ఇరవై ఏళ్ల మీద మెల్లగా మెత్తబడి, రంగు తగ్గి, చిన్న మాంసపు బొడిపెలా తయారైన మచ్చ వయసుతో పాటు మారింది, అంతే. ఈ రెండింటికీ మధ్యలో ఉన్నదే అనుమానించాల్సిన కాలం: వారాల నుంచి నెలల వ్యవధిలో, వెనక్కి తగ్గకుండా, ఒకే దారిలో సాగే మార్పు. ఆరు నెలల కిందటి పెళ్లి ఫొటోలో మెడ మీద చుక్కలా ఉన్నది ఇప్పుడు చిక్కుడు గింజంత అయిందంటే అది కుటుంబ వాట్సాప్ గ్రూపులో అడిగే ప్రశ్న కాదు. గర్భంతో ఉన్నప్పుడు పొట్ట మీది మచ్చలు చర్మంతో పాటు సాగడం ఉంటుంది. దాన్ని సాకుగా తీసుకుని మిగతాచోట్ల కనిపించే మార్పును ‘కాన్పయ్యాక చూద్దాం’ అని వాయిదా వేయకూడదు.

ఇంటర్నెట్‌లో వెతికితే ముందుగా వచ్చేది ఏబీసీడీఈ సూత్రం. 1985లో న్యూయార్క్ యూనివర్సిటీ డాక్టర్లు ఒక్కో లక్షణానికి ఒక్కో ఇంగ్లిష్ అక్షరం చొప్పున నాలుగు అక్షరాలతో మొదలుపెట్టారు. మచ్చ రెండు సగాలూ ఒకేలా లేకపోవడం, అంచు గజిబిజిగా ఉండటం, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు, 6 మిల్లీమీటర్లకు మించిన వెడల్పు. 6 మిల్లీమీటర్లంటే దాదాపు మామూలు పెన్సిల్ అడ్డకోత. 2004లో ఐదో అక్షరం చేర్చారు, అదే మార్పు. చివర చేరినా నిజానికి మొదటి స్థానం దానిదే. మొదటి నాలుగూ ఒకరోజు మచ్చ ఎలా ఉందో చెబుతాయి. ఐదోది మచ్చ కథ చెబుతుంది. మెలనోమాల్లో ఒక రకం గుండ్రంగా, ఒకే రంగులో, చక్కటి అంచుతో, గట్టి బొడిపెలా పైకి లేస్తుంది. మొదటి నాలుగు పరీక్షలూ పాసైపోతుంది. దాన్ని పట్టించేది వారాల్లో పెరగడం ఒక్కటే.

ఇంకో ఉపాయం 1998లో ఫ్రాన్స్ డాక్టర్లు చెప్పింది. ఒక మనిషి ఒంటి మీది మచ్చలు ఒకే ఇంటి పిల్లల్లా ఉంటాయి. ఒకరికి అన్నీ చిన్న నల్ల ఆవగింజలు, ఇంకొకరికి అన్నీ ఉబ్బెత్తు గోధుమరంగువి. వాటిలో ఇంటి పోలిక లేనిది ఒకటుంటే దాన్ని విడిగా చూడాలి. మామూలు జనానికి కొలతల కంటే ఈ పద్ధతి సులువుగా ఒంటబడుతుంది.

అయితే ఈ సూత్రాల వెంట వచ్చే బొమ్మలు చూస్తే ఒకటి తట్టుతుంది. పాలిపోయిన వీపు, దాని మీద నల్ల మచ్చ, పక్కనే బీచ్, సన్‌స్క్రీన్. చామనఛాయ చర్మానికి ఆ బొమ్మ సగమే నిజం. మనలాంటి చర్మంలో మెలనోమా ఎక్కువగా వచ్చేది ఎండ తగిలే వీపు మీద కాదు. ఎండ ముఖం చూడని అరికాలిలో, అరచేతిలో, గోరు కింద. 1976లో అమెరికా పాథాలజిస్ట్ రిచర్డ్ రీడ్ దీన్ని వేరే రకంగా గుర్తించి పేరు పెట్టారు. అమెరికాలో ఇది మొత్తం మెలనోమాల్లో చిన్న భాగం. మన దగ్గర, తూర్పు ఆసియాలో, ఆఫ్రికాలో పెద్ద భాగం. ఎండకూ దీనికీ పెద్దగా సంబంధం కనిపించలేదు కాబట్టి ‘మనది నల్ల చర్మం, మనకు రాదు’ అన్న ధీమా ఇక్కడ పనిచేయదు.

అరికాలితో మనకు ఇంకో ఇబ్బంది ఉంది. పండగకు పిల్లలు కాళ్లకు దండం పెట్టినప్పుడు చేయి తగిలేది పాదం పైభాగానికి. అరికాలు ఎవరూ చూడరు. ఒకరికి కాలు చాపి చూపించడం మర్యాద కాదని పెంచారు కూడా. అరవై దాటి నడుం వంగనివాళ్లు తమ అరికాలు తాము చూసుకుని ఎన్నేళ్లయి ఉంటుందో. అరికాలిలో మచ్చ ఉంటే ప్రయాణాలు ఎక్కువని పుట్టుమచ్చల శాస్త్రం చెబుతుంది కాబట్టి, చూసినా కొందరు మురిసిపోతారు. ఆడవాళ్ల కాలిగోళ్ల మీద గోరింటాకో నెయిల్ పాలిషో ఉంటే కింద ఏముందో కనిపించదు. గోరింటాకు రంగు చర్మం మీద పది రోజుల్లో పోయినా గోటి మీద నెలల తరబడి ఉంటుంది. స్కిన్ డాక్టర్ దగ్గరకు వెళ్లే ముందు కనీసం పాలిష్ తీసేసి వెళ్లాలి.

అరికాలి మెలనోమా మొదట్లో సిరా ఒలికి పాకినట్టు ఉంటుంది. ఒకవైపు ముదురుగా, ఒకవైపు వెలిసిపోయి, అంచు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియకుండా. నొప్పి ఉండదు, దురద ఉండదు. తర్వాత మధ్యలో చర్మం గట్టిపడుతుంది, పగులుతుంది, రసి కారుతుంది. అప్పుడు దానికి పెట్టే పేర్లు ఆనెకాయ, ముల్లు గుచ్చుకున్న పుండు, షుగర్ పుండు. మెడికల్ షాపులో కార్న్ ప్లాస్టర్ ఇస్తారు. చుట్టుపక్కల క్లినిక్‌లో డ్రెస్సింగ్ చేస్తారు. షుగర్ ఉన్న మనిషైతే అనుమానం పుట్టడానికే చోటుండదు, ఎందుకంటే కారణం ముందే దొరికిపోయింది. ఆలస్యం ఎక్కువగా జరిగేది ఈ దశలోనే. రోగి నిర్లక్ష్యం కంటే, తొందరగా అతికించేసిన పేరు చేసే నష్టం ఎక్కువ. సరైన డ్రెస్సింగ్ జరుగుతూ, షుగర్ అదుపులో ఉండి, నెలా నెలన్నర దాటినా అరికాలి పుండు మానడం లేదంటే ‘ముక్క పరీక్ష చేద్దామా డాక్టర్?’ అని అడగడం తప్పు కాదు. పుండు చుట్టూ నల్లటి నీడ ఉంటే మరీ అడగాలి. నలుపు అసలు లేకుండా ఎర్రటి మాంసపు ముద్దలా ఉండే రకం కూడా ఉంది, కాబట్టి నలుపు లేదని నిశ్చింత పడటానికి లేదు.

గోళ్ల సంగతి కాస్త వేరు. మన చర్మపు రంగులో గోళ్ల మీద నిలువుగా సన్నటి గోధుమ గీతలు చాలామందికి ఉంటాయి, వయసుతో పెరుగుతాయి. నాలుగైదు వేళ్లకు ఒకేలా ఉంటే సాధారణంగా కంగారు పడక్కర్లేదు. ఒక్క వేలికే, అందునా బొటనవేలికి కొత్తగా గీత వచ్చి, 3 మిల్లీమీటర్లకు మించి వెడల్పయి, గోరు మొదట్లో ఎక్కువ వెడల్పుగా చివర సన్నగా ఉండి, పక్కనున్న చర్మానికి కూడా నలుపు పాకితే అది చూపించాల్సిందే. ఇలా చర్మానికి పాకడాన్ని ఇంగ్లండ్ సర్జన్ జొనాథన్ హచిన్సన్ పేరుతో పిలుస్తారు. 1886లో ఆయన దీన్ని వర్ణించింది ఏమని అంటే, నల్ల గోరుచుట్టు అని. ఎప్పుడూ నల్లగానే ఉండదని కూడా అప్పుడే రాశారు. నూట ముప్పై ఏళ్లు దాటినా దీన్ని గోరుచుట్టుగానే పొరబడుతున్నారు.

ఎక్కువ మందికి వచ్చే సందేహం దెబ్బ తగిలి గోరు కింద రక్తం గడ్డకట్టిందా, లేక ఇంకేదైనానా అని. బండి స్టాండ్ తగిలిందనో, తలుపులో పడిందనో గుర్తుంటుంది కూడా. గుర్తుండటం సాక్ష్యం కాదు, దెబ్బలు అందరికీ తగులుతాయి. జమైకా గాయకుడు బాబ్ మార్లే కాలి బొటనవేలి గాయాన్ని మొదట ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. 1977లో మెలనోమా అని తేలింది, 1981లో 36 ఏళ్లకే ఆయన చనిపోయారు. బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో ఆయన బొమ్మ టీషర్టు వేసుకుని తిరిగే కుర్రాళ్లలో ఈ సంగతి ఎందరికి తెలుసో. తేడా పట్టుకోవడానికి ఇంట్లోనే ఒక దారి ఉంది. గడ్డకట్టిన రక్తం గోరుతో పాటు ముందుకు జరుగుతుంది, వెనక శుభ్రమైన గోరు కనిపిస్తుంది. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, కాలి గోరు అందులో సగం కూడా ఉండదు. రెండు నెలల తేడాతో రెండు ఫొటోలు చాలు. జరగకుండా గోరు మొదటి నుంచి చివరి దాకా గీతలా నిలిచి ఉంటే అది రక్తం కాదనుకోవాలి. అయితే ఈ రెండు నెలల పరీక్ష చిన్న దెబ్బ మచ్చకే. చర్మానికి పాకినదాన్ని, గోరు పగిలి లేచినదాన్ని ఫొటోలు తీస్తూ కూర్చోకూడదు.

ఫొటో గురించి ఒక మాట. మచ్చను దగ్గరగా ఒక్కటి తీస్తే మూడు నెలల తర్వాత అది ఎక్కడిదో కూడా గుర్తుండదు. దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి తీయాలి. దగ్గరి ఫొటోలో పక్కన పిల్లల జామెట్రీ బాక్స్‌లోని స్కేలు పెట్టాలి, పగటి వెలుగులో తీయాలి, ఫ్లాష్, బ్యూటీ మోడ్ ఆపేయాలి. బ్యూటీ మోడ్ మచ్చల్ని చెరిపేయడానికే ఉంది కదా. ఫొటో చూసి క్యాన్సరో కాదో చెబుతామనే యాప్‌ల మాట నమ్మి ఆగిపోవడం మాత్రం మంచిది కాదు. చామనఛాయ చర్మం, అరికాళ్ల ఫొటోలు వాటికి నేర్పించిన బొమ్మల్లో తక్కువ.

మచ్చలా కనిపించే మిగతావాటి గురించి క్లుప్తంగా. బుగ్గల మీద, కళ్ల చుట్టూ చిన్నచిన్నగా గుంపుగా వచ్చే నల్ల పొక్కులు మన ఇళ్లలో అమ్మకుంటే కూతురికీ వస్తాయి, హాని లేనివి. మెడ దగ్గర వేలాడే పులిపిర్లూ అంతే. అరవై దాటినవారికి వీపు మీద అతికించినట్టు ఉండే గరుకు మచ్చలు కూడా చాలావరకు వయసు తెచ్చేవే. కానీ ముఖం మీద, ముక్కు పక్కనో కన్ను కిందో నల్లగా మెరుస్తూ, అంచు ముత్యాల కట్టలా ఉబ్బి, నడుమ పుండై, పక్కు ఊడటం మళ్లీ రావడంగా ఉండేది వేరు. అది బేసల్ సెల్ కార్సినోమా అనే ఇంకో చర్మ క్యాన్సర్ కావచ్చు. మనలో అది చాలాసార్లు నల్లగా ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లు పుట్టుమచ్చ గీరుకుపోయిందనుకుంటారు. దూరానికి పాకడం అరుదు గానీ, వదిలేస్తే ఉన్నచోట కన్నూ ముక్కూ తినేస్తుంది.

ఊళ్లో పులిపిర్లకు సున్నం, సోడా రాయడం, జీడిరసం పెట్టడం, వెంట్రుకతో బిగించి కట్టడం అలవాటు. బెంగళూరులో అదే పని బోర్డు పెట్టుకుని చేస్తారు: మోల్ రిమూవల్, ఒకే సిట్టింగ్. అందం కోసం మచ్చ తీయించుకోవడంలో తప్పేమీ లేదు. కానీ లేజర్‌తోనో కరెంటుతోనో కాల్చేస్తే ల్యాబ్‌కు పంపడానికి ఏమీ మిగలదు. ఏడాది తర్వాత అక్కడే నలుపు తిరిగి వస్తే, మొదట ఉన్నది ఏమిటో చెప్పగల మనిషి ఉండడు. రంగున్న మచ్చను కాల్చే ముందు స్కిన్ డాక్టర్ లెన్స్ కింద చూశారా అన్నది అడిగి తీరాలి. అనుమానం ఉంటే కాల్చకూడదు, కోసి ల్యాబ్‌కు పంపాలి.

ఆ లెన్స్ పేరు డెర్మోస్కోప్. మచ్చ మీద కాస్త జెల్ రాసి ఆనించి చూస్తారు, నొప్పి ఉండదు, ఐదు నిమిషాల పని. అరికాలి చర్మం దాని కింద దున్నిన పొలంలా కనిపిస్తుంది, బోదెలు, వాటి మధ్య సాళ్లు. మంచి మచ్చలో రంగు సాళ్ల వెంట నీళ్లు పారినట్టు సన్నగా ఉంటుంది. మెలనోమాలో రంగు బోదెల మీదికెక్కి వెడల్పు పట్టీలుగా కనిపిస్తుంది. జపాన్ డాక్టర్లు కనిపెట్టిన ఈ తేడా అరికాలి మచ్చల విషయంలో ఇప్పుడు అందరూ వాడేదే. విక్టోరియా, బౌరింగ్ లాంటి ప్రభుత్వాసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీకి నేరుగా వెళ్లొచ్చు. క్యాన్సర్ అని తేలినవారికి 1973లో మొదలైన కిద్వాయ్ ఆసుపత్రి ఉంది. రాయలసీమ ఊళ్లకు ఆ పేరు కొత్త కాదు. అయితే మచ్చ చూపించడానికి మొదటి మెట్టు క్యాన్సర్ ఆసుపత్రి కానక్కర్లేదు, స్కిన్ డాక్టర్ చాలు. ఆపకుండా రక్తం కారుతున్నది, వారాల్లో గట్టి బొడిపెగా పెరిగినది ఉంటే అపాయింట్‌మెంట్ వచ్చే నెలకు పెట్టుకోకూడదు.

ముక్క పరీక్ష అనగానే ఇంట్లో ఎవరో ఒకరు ‘కత్తి తగిలితే పాకుతుందట’ అంటారు. ఆ మాటకు ఆధారం లేదు. అనుమానం ఉన్న మచ్చను మత్తిచ్చి చుట్టూ రెండు మిల్లీమీటర్ల చర్మంతో సహా వీలైతే పూర్తిగా తీస్తారు. ఆ తర్వాత ఏం చేయాలన్నది ప్రధానంగా మందం చెబుతుంది. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో అనే పాథాలజిస్ట్ మెలనోమా చర్మంలోకి ఎంత లోతుకు దిగిందో కొలిచి, ఆ కొలతను బట్టే రోగి భవిష్యత్తు చెప్పొచ్చని చూపించారు. ఇప్పటికీ రిపోర్టులో అందరూ ముందు వెతికేది ఆ అంకెనే. జేబులోని ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. మెలనోమా అంతకంటే పలచగా ఉండగా దొరికితే, చుట్టూ ఒక సెంటీమీటరు చర్మంతో మళ్లీ కోసి తీయడంతో చాలామందికి వైద్యం అయిపోతుంది. ఐదారు కార్డుల మందం దాకా పోతే కథ వేరు. గజ్జలో గడ్డలు, స్కాన్లు, ఏళ్ల తరబడి మందులు. అమెరికా లెక్కల్లో చర్మంలోనే ఉండగా దొరికినవారిలో ఐదేళ్ల తర్వాత నూటికి 99 మందికి దగ్గరగా బతికి ఉంటున్నారు, దూరపు అవయవాలకు పాకాక దొరికినవారిలో మూడో వంతు మంది. అరికాలి రకంలో ఫలితాలు కాస్త తక్కువ, కొంతవరకు ఆలస్యంగా చూపించడం వల్ల.

బెంగళూరు తెలుగు ఇళ్లలో ఇంకో ఆలస్యం ఉంది, దాన్ని ఏ పుస్తకమూ రాయదు. అనంతపురం నుంచో కడప నుంచో అమ్మానాన్నలు వస్తారు. పదిహేను రోజులుంటారు. మచ్చ సంగతి బయటపడేది మనవడు తాత కాళ్లు నొక్కుతున్నప్పుడు, అదీ చివరి వారంలో. ముక్క తీస్తారు, రిపోర్టు వారం పది రోజులకు వస్తుందంటారు, కుట్లు అరికాలిలో రెండు వారాలు దాకా ఉంచుతారు. ఈలోగా బస్ టికెట్ బుక్ అయిపోయి ఉంటుంది. రిపోర్టు ల్యాబ్ కౌంటర్‌లో ఉంటుంది, మనిషి ఊళ్లో ఉంటాడు. అందుకే పెద్దవాళ్లు వచ్చిన మొదటి ఆదివారమే, స్నానమయ్యాక, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి రెండు అరికాళ్లూ, వేళ్ల సందులూ, గోళ్లూ చూడటం మంచిది. ముక్క తీస్తే ల్యాబ్ కాగితం మీద ఊరి నంబరు కాకుండా బెంగళూరులో ఉండే కొడుకుదో కూతురిదో నంబరు రాయించాలి. రిపోర్టుతో పాటు, తీసిన ముక్కను ల్యాబ్‌లో మైనంలో దాచిన దిమ్మె, అంటే బ్లాక్ కూడా అడిగి తీసుకోవచ్చు. తిరుపతిలోనో హైదరాబాద్‌లోనో వైద్యం కొనసాగించాల్సి వస్తే అక్కడి డాక్టర్ మొదట అడిగేది దాన్నే.